కువైట్ ఆపరేషన్ థియేటర్లో చిన్నబిడ్డకు మత్తుకు ముందు మందు

కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి నర్సు ఉద్యోగానికి కువైట్ వచ్చే చెల్లెళ్లకు ప్రీమెడికేషన్, అంటే మత్తుకు ముందు బిడ్డను నెమ్మదిపరచే మందు ఇవ్వడం, కొత్త కాదు. తడబడేదల్లా టైము దగ్గరా, లెక్క దగ్గరా.

డోసు మత్తు డాక్టరే రాస్తారు. నోటి ద్వారా మిడజోలం (మగతనిచ్చే మందు) మామూలుగా కిలోకు 0.5 ఎంజీ. 12 కిలోల బిడ్డకు 6 ఎంజీ. ఎమ్మెల్‌కు 2 ఎంజీ ఉండే సిరప్ అయితే 3 ఎమ్మెల్. సిరప్ లేక ఇంజెక్షన్ మందే తాగించాల్సి వస్తే లేబుల్ ఇద్దరు చదవాలి. ఎమ్మెల్‌కు 1 ఎంజీదీ ఉంటుంది, 5 ఎంజీదీ ఉంటుంది. 1 ఎంజీదనుకుని 5 ఎంజీది సిరంజిలోకి పీలిస్తే డోసు ఐదింతలు. డోసు ఎంజీల్లోనే పైకి చెప్పుకోండి, ఎమ్మెల్‌లలో వద్దు.

మందు మహా చేదు. కొంచెం తీపి కలిపి, సిరంజితో బుగ్గ పక్కన మెల్లగా పొయ్యండి. ఉమ్మేస్తే ఎంత పోయిందో తెలీదు; డాక్టర్ని అడగకుండా మళ్లీ ఇవ్వకూడదు. పట్టడానికి 20 నుంచి 30 నిమిషాలు. పది నిమిషాలకే తీసుకుపోతే బిడ్డ తల్లి మెడ వదలదు, ఆపరేషన్ల లిస్టు గంట వెనక్కి జరిగితే మందు దిగిపోతుంది. థియేటర్ నుంచి ఫోన్ వచ్చాకే ఇవ్వడం మేలు. "మందు పనిచెయ్యలేదు" అన్నచోట చాలాసార్లు తప్పు గడియారానిదే. కొందరు పిల్లలు మాత్రం మిడజోలంతో రివర్సులో ఏడ్చి, కొట్టి, గోల చేస్తారు. వాళ్లకు ఇంకాస్త పొయ్యడం మందు కాదు.

ముక్కులో కొడితే మిడజోలం మండుతుంది, మరో ప్రీమెడికేషన్ మందైన డెక్స్‌మెడిటోమిడిన్ మండదు. కిలోకు 1 నుంచి 2 మైక్రోగ్రాములు, 30 నుంచి 45 నిమిషాలు ఆగాలి. అదే బిడ్డకు 2 చొప్పున 24 మైక్రోగ్రాములు, అంటే ఎమ్మెల్‌కు 100 ఉండే వయల్లోంచి 0.24 ఎమ్మెల్. స్ప్రే మొనలో 0.1 ఎమ్మెల్ దాకా నిలిచిపోతుంది. ఆ మేరకు సిరంజిలోకి అదనంగా పీల్చుకోకపోతే బిడ్డకు సగానికి కాస్త పైన మాత్రమే అందుతుంది. రెండు ముక్కుల్లో సగం సగం కొట్టండి. జలుబుంటే నమ్మకం లేదు. ఈ మందుతో నాడి నెమ్మదిస్తుంది, మిడజోలానికి విరుగుడైన ఫ్లుమాజెనిల్ దీనికి పనిచెయ్యదు.

టాన్సిల్స్ పెద్దవై గురక పెట్టే బిడ్డయితే ముందే డాక్టర్‌కు చెప్పాలి. మందు పడ్డాక ఏ బిడ్డనూ వేలికి ఆక్సీమీటర్ లేకుండా, పక్కన మనిషి లేకుండా వదలొద్దు.

మన తెలుగు తల్లులైతే "ఉత్త పాలే కదమ్మా తాగిచ్చింది" అంటారు. మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి: డబ్బాపాలకూ ఆవుపాలకూ 6 గంటలు, తల్లిపాలకు 4, నీళ్లకు 2. "ఏమైనా తినిందా" అని కాదు, "పాలు ఎప్పుడు తాగింది" అని అడగండి.

మిడజోలం ప్రతి చుక్కకూ రిజిస్టరులో లెక్క పెట్టే మందు. మిగిలింది పారబోసేటప్పుడు ఇద్దరి సంతకాలు అప్పటికప్పుడే పడాలి. షిఫ్టు చివర్లో అన్నీ కలిపి రాసే అలవాటుంటే మానుకుని రండి.