ఎడమ సైలెన్సర్

మళ్ళీ నాన్న పాత యెజ్డీ బండి గొడవే. నిద్ర పట్టక రాస్తున్నాను.

పొద్దున్న నెల్లిమర్ల రోడ్డెక్కాను. మూడో గేరు దాకా బాగానే లాగింది. నాలుగులో ఎంత తిప్పినా నలభై దాటదు. చంపావతి వంతెన మీద మళ్ళీ మూడుకి దించాల్సి వచ్చింది.

వెనక్కి వస్తూ మెకానిక్‌ దగ్గర ఆపాను. స్టాండు కూడా వెయ్యనివ్వలేదు. "బోరైపోనాది బాబూ, పిస్టన్ మార్చాల. ఎనిమిది వేలవుద్ది" అనేశాడు. సిలిండర్ లోపల అరిగిపోయి కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే బిగువు, పోయిందని దాని అర్థం. పొద్దుటి నుంచీ ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. ప్లగ్ విప్పలేదు, కిక్ కొట్టి చూడలేదు. కిక్ మీద నిలబడితే నా బరువుకి కూడా దిగని బండికి కంప్రెషన్ పోయిందంటే ఎలా నమ్మను? పాత బండి అనగానే అందరికీ ఒకటే జబ్బు, ఒకటే మందు. ఈ పాత యెజ్డీలు చేసిన కంపెనీ 1996లోనే మూతపడింది. కొత్త పిస్టన్ కోసం అసలు సిలిండర్‌ని ఊరికే కోయించుకుంటే మళ్ళీ ఎక్కణ్ణుంచి తేను?

ఇంటికొచ్చి ఒక్కొక్కటీ చూశాను. గాలి ఆడక పెట్రోలు దిగట్లేదేమోనని ట్యాంకు మూత వదులు చేసి సందు చివరిదాకా నడిపాను, తేడా లేదు. చక్రాలు తేలిగ్గానే తిరిగాయి, బ్రేకు పట్టెయ్యలేదు. క్లచ్ జారితే ఇంజను మోత పెరిగి వేగం పెరగదు, ఇక్కడ మోతే పెరగట్లేదు. ప్లగ్ మాత్రం నల్లగా, తడిగా ఉంది. అప్పుడు వెనక్కెళ్ళి రెండు సైలెన్సర్ల దగ్గరా అరచేతులు పెట్టాను. కుడిది చేతిని తోస్తోంది. ఎడమది ఊపిరందని మనిషిలా ఉంది. సిలిండర్ ఒకటే, పొగ పోయే దారులు రెండు. అందులో ఒకటి మూసుకుపోయింది.

సైలెన్సర్ లోపల ఉండే చిల్లుల గొట్టాన్ని, బఫిల్‌ని, లాగితే లోపలంతా తారులాంటి మసి. అది చూడగానే భోగి గుర్తొచ్చింది.

ఏటా భోగి ముందురోజు రాత్రి నాన్న రెండు బఫిల్‌లూ విప్పి పెట్టేవారు. తెల్లారి మంట కాస్త తగ్గాక, పొడుగాటి తీగకి గుచ్చి నిప్పుల్లో పెట్టేవారు. మేము పిడకల దండలు వేసేచోట ఆ నల్ల ఇనుమేంటని అమ్మ కేకలు. "దానికీ పండగేనే" అనేవారు నాన్న. మసి ఎర్రగా రాజుకుని రాలిపోయేది. చల్లారాక సుత్తితో మెల్లగా తట్టి, నా చేతికిచ్చి ఊదమనేవారు. అవతల గాలి వస్తే పండగైనట్టు. అదంతా ఆయన సరదా అనుకున్నాను. ఏడాది మసిని వదిలించే పని అని ఇవాళ తెలిసింది. ఆయన పోయాక మూడు భోగులు వచ్చి వెళ్ళాయి.

పైగా ఆయన లీటరు పెట్రోలుకి నలభై మిల్లీ ఆయిలు కొలిచి పోసేవారు. ఇంజను పట్టేస్తుందన్న భయంతో నేను అరవై పోస్తున్నాను. పైగా ఊళ్ళోనే, కోట దగ్గర్నుంచి స్టేషన్ దాకా నెమ్మదిగా తిప్పుతున్నాను. అంత ఆయిలు ఎక్కడ కాలుతుంది?

మెకానిక్ మీద కోపం కొంచెం తగ్గింది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ టకటక నాకూ వినిపిస్తోంది, నిజంగానే కొంత అరిగి ఉండొచ్చు. అయినా విప్పి చూడకుండా అలా చెప్పడం మాత్రం తప్పే.

బఫిల్‌లు రెండూ పెరట్లో కాస్టిక్ సోడా నీళ్ళ బకెట్‌లో ఉన్నాయి. ఎవరూ చెయ్యి పెట్టకుండా పైన సత్తుపళ్ళెం వేద్దామని వెళ్తే, "ఆ నీళ్ళు తగిల్తే సత్తు తినేస్తాది, రాయి పెట్టు" అంది అమ్మ, చీకట్లో గుమ్మం దగ్గరే నిలబడి. ఇంకా పడుకోలేదు.