సింహం పాటకి పర్మిషన్: మేం పడ్డ పాట్లు

'ది లయన్ స్లీప్స్ టునైట్' పాటకి పర్మిషన్ లెటర్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. రచయితల గడిలో మొట్టమొదట ఆ పాట వరస కట్టిన దక్షిణాఫ్రికా గాయకుడు సాలమన్ లిండా పేరే ఉంది. ఆ ఒక్క పేరు కోసం ఇన్నాళ్ళూ ఒక ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. కోపం చల్లారకముందే అంతా రాసేస్తున్నాను.

నేను తార్నాకలో పిల్లలకి బృందగానం నేర్పుతాను. ఈ ఏడాది 'ది లయన్ స్లీప్స్ టునైట్' పాటకి తెలుగు మాటలు రాసి పాడిద్దామనుకున్నాం. పేరు చెబితే గుర్తురానివాళ్ళు కూడా 'అవీమోవే అవీమోవే' అని మొదలుపెట్టగానే అందుకుంటారు. మాటలు రాయడం తేలిగ్గానే అయిపోయింది. పిల్లలు ఇట్టే పట్టేశారు. గొంతు మారుతున్న మగపిల్లలు నలుగురున్నారు, ఎప్పుడూ వెనక వరసలో నోరు మెదపకుండా నిలబడేవాళ్ళు. ఈ పాటలో కింది స్థాయిలో 'ఉయింబుబే, ఉయింబుబే' అంటూ పాటంతా మోసేది వాళ్ళే. లిండా 1939లో పాడిన అసలు రికార్డు పదే పదే వినిపించి, ఆ జులూ మాటలు ఆ పలుకుబడితోనే నేర్పాను. ఈ పాటని ఇంత శ్రద్ధగా పట్టిన పిల్లల బృందం మా చుట్టుపక్కల ఇంకొకటి లేదని గట్టిగా చెప్పగలను.

పర్మిషన్ వచ్చాకే రికార్డింగ్ అని ముందే నిర్ణయించుకున్నాం. మన కాపీరైట్ చట్టంలో 31సి అనే సెక్షన్ ఉంది. పాట మొదటి రికార్డింగ్ వచ్చి ఐదేళ్ళు దాటితే, హక్కుదారుకి నోటీసిచ్చి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టి కవర్ వెర్షన్ చేసుకోవచ్చు. అయితే పాటని మార్చకూడదు. తెలుగు మాటలు పెట్టామంటే మార్చినట్టే. అందుకని హక్కుదారుల దగ్గర నేరుగా అనుమతి తీసుకోవాల్సిందే. 'కవరే కదా, ఏమవుతుందిలే' అని మీకెవరైనా సలహా ఇస్తే వినకండి.

దరఖాస్తు నింపడం ఒక పూట పని. అసలు కథ దాన్ని తీసుకుని ఆఫీసుకి వెళ్ళాక మొదలైంది. విదేశీ పాటల హక్కుల పని చూసే ఒక ఏజెన్సీ అది, పేరు రాయను. నాతోపాటు ఒక పాప వాళ్ళ అమ్మగారు, ఇద్దరు పిల్లలు వచ్చారు. కుర్చీలో ఉన్నాయన ఫారం మీద ఓ చూపు చూసి, రచయితల గడిలో నేను రాసిన లిండా పేరుని బాల్ పెన్‌తో కొట్టేశాడు. "ఇది ఆఫ్రికా వాళ్ళ పాట కదా మేడమ్, ట్రెడిషనల్ అని రాసేయండి. మీకు ఫీజు కూడా తగ్గుతుంది" అన్నాడు.

"జానపదం కాదు సార్, కట్టినాయన ఉన్నాడు. ఆయన పేరే మీరు కొట్టేసింది" అన్నాను.

"మీరు పాటల టీచరా, లాయరా?" అని పక్క టేబుల్ వైపు చూసి నవ్వాడు. ఆ టేబుల్ వాళ్ళూ నవ్వారు. "'లయన్ కింగ్' సినిమావాళ్ళ పాట మేడమ్ ఇది. నాకు తెలీదా?" అన్నాడు. పిల్లల ముందు తల కొట్టేసినట్టయింది. ఆ ఇద్దరిలో ఒకడు వెనక వరస కుర్రాడే. బయటికొచ్చాక "టీచర్, మరి లిండా అబద్ధమా?" అని అడిగాడు. నన్ను ఎంత మాటన్నా పడేదాన్నేమో గానీ, వాడు అడిగిన ఆ మాట దగ్గర నాకు కడుపు మండిపోయింది.

ఎందుకంటే ఆయన పెన్నుతో చేసిన పని కొత్తదేమీ కాదు. ఈ పాట ప్రపంచమంతా తిరిగిందే అలా.

లిండా 1909లో నాటాల్ ప్రాంతంలో పుట్టాడు. చిన్నప్పుడు పశువులు కాశాడు, మందల మీదకొచ్చే సింహాలని తోలాడు. పాటకి పునాది అదే. పని కోసం జొహానెస్‌బర్గ్ వచ్చి, గాలో రికార్డు కంపెనీలో రికార్డులు ప్యాక్ చేసే పనిలో చేరాడు. తన బృందం 'ఈవెనింగ్ బర్డ్స్'తో కలిసి 1939లో 'ఎంబూబే' రికార్డు చేశాడు. ఎంబూబే అంటే సింహం. మూడో టేక్ చివర్లో అప్పటికప్పుడు గొంతు పైకి లేపి ఒక చిన్న వరస అల్లాడు. అమెరికావాళ్ళు తర్వాత 'ఇన్ ద జంగిల్' అని మాటలు పెట్టుకున్నది ఆ వరసకే. అంటే ఇవాళ ప్రపంచమంతా కూనిరాగం తీసేది ఆయన ఆ క్షణంలో కట్టినదాన్నే. 1940ల్లో ఆ రికార్డు ఆఫ్రికాలో లక్ష కాపీల దాకా అమ్ముడుపోయింది. ఆ తరహా బృందగానానికి ఎంబూబే అనే పేరే స్థిరపడింది. లిండాకి హక్కుల కింద దక్కింది పది షిల్లింగులు.

1949 ప్రాంతంలో ఆ రికార్డు జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ ద్వారా న్యూయార్క్‌లో పీట్ సీగర్ అనే గాయకుడి చేతికొచ్చింది. ఆయన దాన్ని చెవితో విని రాసుకుంటూ 'ఉయింబుబే'ని 'విమోవే' అని రాశాడు. ఆయన ఉన్న వీవర్స్ బృందం పాడిన ఆ పాట 1952లో అమెరికాలో హిట్టయింది. రికార్డు మీద రచయితగా 'పాల్ క్యాంప్‌బెల్' అని వేశారు. అలాంటి మనిషే లేడు, అది వాళ్ళు పెట్టుకున్న మారుపేరు. లిండా పేరు మాత్రం వెయ్యలేదు. సీగర్ తర్వాత లిండాకి వెయ్యి డాలర్లు పంపాడు, పబ్లిషర్‌ని కూడా డబ్బు పంపమన్నాడు. అందుకని ఆయన మీద నాకు పూర్తిగా కోపం రాదు.

1961లో బ్రూక్లిన్ కుర్రాళ్ళ బృందం 'టోకెన్స్' వచ్చింది. జార్జ్ డేవిడ్ వైస్ ఇంగ్లీషు మాటలు రాశాడు. నిర్మాతలు హ్యూగో పెరెట్టి, లుయీజీ క్రియేటోర్ పేర్లు కూడా రచయితలుగా చేరాయి. రికార్డుకి రెండో వైపు పాటగా వేశారు, అంటే దాని మీద వాళ్ళకే పెద్ద నమ్మకం లేదు. డిసెంబర్ కల్లా అమెరికాలో నంబర్ వన్ అయి కూర్చుంది. 1982లో 'టైట్ ఫిట్' అనే బృందం పాడితే బ్రిటన్‌లోనూ నంబర్ వన్ అయింది. 1994లో 'ది లయన్ కింగ్' సినిమాతో ఇంటింటికీ చేరింది. లిండా అప్పటికి ఎప్పుడో పోయాడు. 1962లో కిడ్నీలు పాడై చనిపోయాడు. ఆయన సమాధికి రాయి వేయించడానికి కూడా భార్య దగ్గర డబ్బులేదు. 2000లో రియాన్ మలన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు పెద్ద వ్యాసం రాస్తే గానీ లోకానికి ఈ సంగతి తెలియలేదు. ఒక్క లయన్ కింగ్ వాడకం మీదే కోటిన్నర డాలర్ల రాయల్టీ వచ్చి ఉంటుందని ఆయన అంచనా.

మనం కూడా తక్కువ తినలేదు. ఉత్తరాంధ్రలోనో పాలమూరులోనో ఒకరు కట్టుకున్న పాటని సినిమాలో పెట్టుకుని టైటిల్స్‌లో 'జానపదం' అని వేసేస్తాం. ఊళ్ళో అడిగితే కట్టినావిడ పేరు చెబుతారు, కానీ అడిగే ఓపిక ఎవరికుంది? జానపదం అనే మాటని ఎగవేతకి వాడుకుంటున్నాం. ఇది నేను ఎక్కడైనా అంటాను.

సరే, ఆఫీసు సంగతికొస్తాను. తర్వాత వెళ్ళినప్పుడల్లా అదే పాట పాడారు. 'మా సిస్టమ్‌లో ఆ పేరు రాదు', 'సార్ మీటింగ్‌లో ఉన్నారు', 'ముంబై వాళ్ళు చూస్తారు'. చివరికి నేను వెళ్ళడం మానేసి, వాళ్ళ ముంబై పెద్ద ఆఫీసుకి మెయిల్ పెట్టాను. లిండా కుటుంబం గెలిచిన కథే నా వాదన. దక్షిణాఫ్రికాకీ వర్తించిన 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత బతికుండగా హక్కులు అమ్మేసుకున్నా, చనిపోయిన 25 ఏళ్ళకి అవి వారసులకి తిరిగొస్తాయి. లిండా 1962లో పోయాడు కాబట్టి 1987లో వారసులకి రావాలి. లాయర్ ఓవెన్ డీన్ ఆ పాత సెక్షన్ పట్టుకుని 2004లో 'లయన్ కింగ్' తీసిన డిస్నీ మీద కేసు వేయించాడు. కేసు అక్కడే నడిచేలా, దక్షిణాఫ్రికాలో ఉన్న డిస్నీ ట్రేడ్‌మార్కుల్ని, మిక్కీ మౌస్‌తో సహా, కోర్టు ద్వారా జప్తు చేయించాడు. ఆ భాగం చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. 2006 ఫిబ్రవరిలో, విచారణకి కొద్దిగా ముందు, పాట హక్కులున్న అబిలీన్ మ్యూజిక్‌తో రాజీ కుదిరింది. పాట 'ఎంబూబే' నుంచి వచ్చిందని, లిండా సహ స్వరకర్త అని ఒప్పుకున్నారు. వెనకటి వాడకానికీ, ముందు రాబోయేదానికీ కుటుంబానికి వాటా రాశారు.

ఇదంతా రాసి చివర్లో ఒక్క ప్రశ్న అడిగాను: రాజీలో ఒప్పుకున్న పేరుని మీ ఆఫీసు ఏ అధికారంతో కొట్టేసింది? సమాధానం రాతపూర్వకంగా ఇవ్వండి. అంతే, కదలిక వచ్చింది. ముంబై నుంచి ఒకావిడ ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడారు. ఫారం మళ్ళీ నింపమన్నారు. ఇక్కడి ఆఫీసాయన మాత్రం ఇప్పటిదాకా ఒక్క 'సారీ' కూడా అనలేదు.

కాబట్టి ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళు కౌంటర్ దగ్గర నోరు పారేసుకోవద్దు, అన్నీ మెయిల్‌లోనే అడగండి. మాట మీద ఏదీ ఒప్పుకోవద్దు. ఫీజు తగ్గుతుందని ఎవరైనా ఆశ పెడితే, ఎవరి పేరు తీసేస్తే తగ్గుతుందో ముందు చూసుకోండి. మాకు ఫీజు ఎక్కువే పడింది, తల్లిదండ్రులు తలా కొంత వేసుకున్నారు. ఒక్కరు కూడా గొణగలేదు.

లెటర్‌ని వెనక వరస కుర్రాడికి చూపించాను. పేరు మీద వేలు పెట్టి చదువుకున్నాడు. రికార్డింగ్ వచ్చే ఆదివారం. అనుమతి ఏడాదికే, తర్వాత రెన్యూ చేయించుకోవాలి. ముంబైకి పెట్టిన మెయిల్ నమూనా కావాల్సినవాళ్ళు అడగండి, ఏజెన్సీ పేరు తీసేసి పంపుతాను.