రాత్రి పదకొండింటి ఆకలి

నెల్లూరు చేపల పులుసు వండిన రోజు కంటే మర్నాడే బాగుంటుంది. అందుకే కావలిలో మా ఇంట్లో రాత్రి గిన్నెలో పులుసూ అన్నమూ మిగిలే ఉంటాయి. షుగరు వచ్చాక నా కష్టం ఆ గిన్నె దగ్గరే మొదలైంది. అందరూ పడుకున్నాక తినడం మొదలుపెడితే, కడుపు నిండినా చెయ్యి ఆగేది కాదు. తర్వాత సిగ్గు, మర్నాడు పస్తు, ఆ రాత్రి మళ్లీ అదే.

ఇది తిండిపోతుతనం కాదు. తక్కువ సమయంలో మామూలు కంటే బాగా ఎక్కువ తినడం, ఆపాలన్నా ఆపలేకపోవడం, వారానికి ఒక్కసారైనా 3 నెలల పాటు ఉంటే డాక్టర్లు దాన్ని జబ్బుగానే చూస్తారు. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో 2013 నుంచి దీనికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని విడిగా పేరుంది.

షుగరు ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలూ, ఇన్సులినూ మనం తిన్నా తినకపోయినా షుగరును దించుతూనే ఉంటాయి. మాత్ర వేసుకుని తిండి మానేస్తే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడ, పట్టరాని ఆకలి. అందుకే అన్నం గిన్నె కంటే ముందు షుగరు చూసుకునే మీటరు తీయాలి. 70 కంటే తక్కువుంటే 3 చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. కష్టమంతా ఆ 15 నిమిషాలే. పంచదార రక్తంలోకి ఎక్కేదాకా ఆకలి చల్లారదు, ఆలోపు గిన్నెడన్నం లోపలికి పోతుంది, తర్వాత మీటరు 300 చూపిస్తుంది. అది చూసి భయపడి ఇంకో మాత్ర వేసుకోవద్దు, తెల్లవారుజామున షుగరు పడిపోవచ్చు.

నేను ముందు మార్చింది రాత్రిని కాదు, పొద్దుటిని. 8 గంటలకల్లా రెండు పెసరట్లు. మధ్యాహ్నం కప్పు అన్నం, అంటే వండాక 150 గ్రాములు. అందులోనే 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. చేప ముక్కలు ముందు తినేసి, పులుసు రెండు గరిటెలే పోసుకోవాలి, ఎందుకంటే అన్నాన్ని లాగేది ముక్క కాదు, పులుసే. సాయంత్రం 5కి గుప్పెడు ఉడికించిన శనగలు. రాత్రి 8కి జొన్నరొట్టె, పప్పు. తిన్న టైమూ, మీటరు అంకే, అంతకుముందు మనసు ఎలా ఉందో నోటుబుక్కులో రాశాను. అది చూశాకే డాక్టరు గ్లిమెపిరైడ్ తగ్గించారు. సొంతంగా తగ్గించుకోకండి. మానసిక వైద్యుల దగ్గర సీబీటీ అనే మాటల చికిత్స కూడా తీసుకున్నాను. ఈ జబ్బుకు ముందుగా సూచించేది అదే.

బరువు గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. షుగరు 180 దాటితే మూత్రంలో పోవడం మొదలవుతుంది, దాంతో బరువూ తగ్గుతుంది. "సన్నబడ్డావే" అని అందరూ మెచ్చుకుంటారు గానీ అప్పుడు కరిగేది కొవ్వే కాదు, కండ కూడా. సన్నబడాలని ఇన్సులిన్ మానేస్తే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఉన్న బరువులో 5 శాతం మెల్లగా తగ్గినా షుగరు మెరుగవుతుంది. 78 కిలోలవాళ్లకు అది 4 కిలోలు. నాకు 8 నెలలు పట్టింది.

ఇప్పటికీ ఒక్కో రాత్రి చెయ్యి ఆగదు. మర్నాడు పస్తుండను, 8 గంటలకు పెసరట్టు పోసుకుంటాను.