పార్టీ చందాలోంచి నాయకుడికి జీతం: ఏ పద్దులో రాస్తారు?

మార్చి వచ్చిందంటే బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ట్యాక్స్ తగ్గించుకునే దారులు వెతుకుతుంటారు. ఎవరో ఒకరు సలహా పడేస్తారు: "ఫలానా పార్టీకి చందా కట్టెయ్, 80జీజీసీ కింద మొత్తం మినహాయింపే." కడతారు, రసీదు వస్తుంది, పార్టీ పేరు కూడా ఆ వారంలోనే మర్చిపోతారు. ఆ డబ్బు లోపలికెళ్లాక ఎవరి చేతిలో పడింది, నాయకుడి ఇంటికి నెలనెలా జీతంగా ఏమైనా వెళ్తోందా, వెళ్తే తప్పా ఒప్పా అని అడిగేవాళ్లు మాత్రం కనపడరు.

నా మాట ముందే చెప్పేస్తాను. పొద్దున లేచింది మొదలు పార్టీ పనే చేసే మనిషికి పార్టీ జీతమివ్వడం తప్పు కాదు. ఇవ్వకపోతేనే అసలు ప్రమాదం, ఎందుకంటే అతని ఇల్లు ఎవరి డబ్బుతో గడుస్తోందో మనకు తెలియదు. ప్రభుత్వ పదవిలో కూర్చుని, ఖజానా జీతం తీసుకుంటూ, దాని మీద పార్టీ చందాల్లోంచి ఇంకో జీతం తీసుకోవడం పూర్తిగా వేరే సంగతి.

దీనికి చక్కగా సరిపోయే ఉదాహరణ కెనడాలో ఉంది. 2011–17 మధ్య బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ప్రీమియర్‌గా (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న క్రిస్టీ క్లార్క్‌కు ప్రభుత్వ జీతం ఏడాదికి సుమారు 1,95,000 డాలర్లు ఉండేది. దాని పైన ఆమె పార్టీ ఏడాదికి 50,000 డాలర్ల దాకా భత్యం ఇచ్చేది. అప్పట్లో ఆ రాష్ట్రంలో చందాలకు పరిమితే లేదు. కంపెనీలు ఇవ్వచ్చు, యూనియన్లు ఇవ్వచ్చు. వేల డాలర్లు కట్టి ప్రీమియర్‌తో కలిసి భోంచేసే విందులు జరిగేవి. ఫిర్యాదు వెళ్తే, అక్కడి ప్రయోజన వైరుధ్యాల కమిషనర్ 2016లో ఇది ప్రయోజన వైరుధ్యం కిందికి రాదని తేల్చారు. అయినా గొడవ ఆగలేదు. 2017 జనవరిలో ఆమె ఆ భత్యం వదులుకున్నారు. అదే ఏడాది ప్రభుత్వం మారాక కంపెనీల, యూనియన్ల చందాలను నిషేధించారు.

చట్టప్రకారం కమిషనర్ తీర్పు సరే కావచ్చు. లెక్కలు చూసే కంటికి మాత్రం అది నిలవదు. విందుకు డబ్బు కట్టినవాడికి ప్రభుత్వంతో పని ఉంది. ఆ డబ్బు పార్టీ ఖాతాలో పడింది. అదే ఖాతా నుంచి ప్రీమియర్‌కు చెక్కు వెళ్లింది. మధ్యలో పార్టీ పేరున్న ఒక బ్యాంకు ఖాతా ఉన్నంత మాత్రాన డబ్బు రంగు మారిపోతుందా? ఖాతాలో కలిసిన సొమ్ములో ఏ రూపాయి ఎవరిదో విడదీయలేం. "ఆమె జీతం ఫలానా దాత డబ్బులోంచి రాలేదు" అని ఎవరూ నిరూపించలేరు. నిరూపించలేని స్థితిలోకి వెళ్లి కూర్చోవడమే తప్పు.

ఇక మన దేశానికి వద్దాం. ఇలాంటి జీతాన్ని సూటిగా ఆపే నిబంధన మన చట్టాల్లో కనపడదు. "లాభదాయక పదవి" అడ్డొస్తుందని కొందరనుకుంటారు. రాజ్యాంగం 102, 191 అధికరణాలు చెప్పేది ప్రభుత్వం కింద ఉండే లాభదాయక పదవి గురించి. పార్టీ ప్రభుత్వం కాదు కాబట్టి పార్టీ జీతం తీసుకున్నంత మాత్రాన ఏ ఎంపీ, ఎమ్మెల్యే సభ్యత్వమూ పోదు.

ఆదాయపన్ను చట్టంలో పార్టీలకు మినహాయింపు ఇచ్చేది 13ఏ సెక్షన్. (ఇక్కడ 1961 చట్టం నంబర్లే వాడుతున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో నంబర్లు వేరు.) షరతులు ఇవి: లెక్కల పుస్తకాలు ఉండాలి, ఆడిట్ చేయించాలి, 20,000 దాటిన చందాలకు దాత పేరు, చిరునామా రాసుకోవాలి, 2,000 దాటిన చందాను నగదుగా తీసుకోకూడదు, గడువులోగా రిటర్న్ వేయాలి, ప్రజాప్రాతినిధ్య చట్టం 29సీ కింద, 20,000 దాటిన దాతల పేర్లతో ఎన్నికల సంఘానికి ఫారం 24ఏ పంపాలి. బాగా చూడండి, ఇవన్నీ డబ్బు లోపలికి వచ్చే గుమ్మం దగ్గరి కాపలాలు. బయటికెళ్లే గుమ్మానికి కాపలా లేదు. వచ్చిన డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో 13ఏ చెప్పదు.

పక్కన ధర్మసంస్థ ట్రస్టును పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక గుడి ట్రస్టు అధ్యక్షుడు ట్రస్టు నుంచి జీతం తీసుకుంటే, 13(2)(సి) కింద అది చేసిన పనికి సమంజసమైన మొత్తమేనా అని అధికారి అడుగుతాడు. కాకపోతే ఆ మేరకు మినహాయింపుకు ఎసరు. పబ్లిక్ కంపెనీ అయితే, డైరెక్టర్లందరి పారితోషికం కలిపి నికర లాభంలో 11 శాతం దాటాలంటే వాటాదారుల తీర్మానం కావాలి. లిస్టయిన కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, ఒక్కో డైరెక్టర్ జీతం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో వార్షిక నివేదికలో అచ్చు వేయాలి. రాజకీయ పార్టీ విషయంలో ఈ ప్రశ్న అడిగేవాడే లేడు. గుడి ట్రస్టును ఇంత గట్టిగా పట్టుకున్న చట్టం, ఆ చట్టం చేసేవాళ్ల పార్టీలను ఇంత వదులుగా వదిలేసింది. ఆశ్చర్యపోవాల్సిన పని లేదనుకోండి.

ఎన్నికల సంఘం 2014 ఆగస్టు 29న పార్టీల లెక్కల మీద మార్గదర్శకాలిచ్చింది. ఒక వ్యక్తికి ఒక రోజులో 20,000 దాటి నగదు చెల్లించొద్దని అందులో ఉంది. దానికి మినహాయింపులు కూడా అక్కడే ఉన్నాయి: బ్యాంకు లేని ఊరు ఒకటి, ఉద్యోగికి లేదా పార్టీ బాధ్యుడికి ఇచ్చే జీతం, పింఛను, ఖర్చుల తిరుగు చెల్లింపు మరొకటి. అంటే బిర్యానీ పొట్లాలవాడికి పెద్ద బిల్లు బ్యాంకు ద్వారానే కట్టాలి, పార్టీ బాధ్యుడికి మాత్రం జీతం పేరుతో నగదు ఇవ్వచ్చు. సదుద్దేశంతో పెట్టి ఉండొచ్చు, కానీ తలుపు తెరిచే ఉంది.

పార్టీల వార్షిక లెక్కలు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతాయి. వాటిలో "అధ్యక్షుడి జీతం" అని వరస కోసం వెతకొద్దు, దొరకదనే అనుకోండి. ఉద్యోగుల ఖర్చు అంతా కలిపి ఒక అంకె ఉంటుంది. నాయకుడికి అందే లబ్ధి వేరే పద్దుల్లో ఉండే అవకాశమే ఎక్కువ. వాటిలో నేను మొదట చూసేది అద్దె. నాయకుడి సొంతిల్లే పార్టీ ఆఫీసైతే పార్టీ అతనికి అద్దె కడుతుంది, ఆ అద్దె ఆ వీధి రేటుకు రెట్టింపున్నా అడిగేవాడుండడు. తర్వాత ప్రయాణాలు: ఎన్నికలు లేని సంవత్సరంలో కూడా ఆ అంకె తగ్గకపోతే అందులో ఇంటి ప్రయాణాలు కలిశాయేమో అనుమానించాలి. వకీలు ఫీజులు మూడోది. కేసు పార్టీదా, నాయకుడి సొంతదా అనేది ఓచర్ చూస్తే తప్ప తెలియదు. ఆడిటర్ సంతకం ఉంది కదా అంటారు. ఆడిటర్ చూసేది చెల్లింపుకు ఓచరుందా, ఆమోదముందా అని. ఆమోదం ఇచ్చినవాడూ డబ్బు అందుకున్నవాడూ ఒకడే అయితే కాగితం మీద అంతా సక్రమమే.

కారు సంగతి మరీ తమాషా. పార్టీ నాయకుడికి ఏడాదిలో 50,000 దాటిన నగదు బహుమతి ఇస్తే 56(2)(ఎక్స్) కింద అతను పన్ను కట్టాలి. భూమి, నగలు, షేర్లు, బొమ్మల పటాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కారు లేదు. 40 లక్షల కారు తాళంచెవి పళ్లెంలో పెట్టి ఇస్తే ఆ సెక్షన్ దాన్ని పట్టుకోదు. నాయకుడికి "జీతం వద్దు" అని త్యాగం ప్రకటించడం ఎందుకంత తేలికో ఇప్పుడు అర్థమైందా?

త్యాగం అంటే గుర్తొచ్చింది, ఒక్క రూపాయి జీతం. మన ఎన్టీఆర్ తీసుకున్నారు, జయలలిత 1991–96 మధ్య తీసుకున్నారు, 2019లో జగన్ ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టే మాట అది. కానీ రూపాయి జీతం మనకు చెప్పేది ఖజానా నుంచి ఎంత వెళ్లిందన్నది మాత్రమే, ఇల్లు ఎలా గడుస్తోందన్నది కాదు. జయలలిత ఆస్తుల కేసు లెక్కపెట్టింది సరిగ్గా ఆ 1991–96 కాలాన్నే. అది నడిచింది ఈ బెంగళూరులోనే. 2014 సెప్టెంబరు 27న పరప్పన అగ్రహారలో ఆమె దోషి అని తీర్పు వచ్చింది. హైకోర్టు దాన్ని 2015లో కొట్టేసింది. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మిగతా నిందితుల శిక్ష ఖాయం చేసింది, అప్పటికి ఆమె లేరు. రూపాయి తీసుకునే ముఖ్యమంత్రి కంటే నిండు జీతం తీసుకుని రిటర్న్‌లో చూపే ముఖ్యమంత్రే మేలు. కర్ణాటకలో 2025లో ముఖ్యమంత్రి జీతం 75,000 నుంచి 1.5 లక్షలకు, ఎమ్మెల్యే జీతం 40,000 నుంచి 80,000కు పెంచినప్పుడు తిట్టినవాళ్లే ఎక్కువ. కనపడే జీతాన్ని తిట్టడం సులువు.

కమ్యూనిస్టు పార్టీల్లో నడక తలకిందులు. ఎంపీ, ఎమ్మెల్యే తమ జీతం పార్టీకి లెవీగా కట్టాలి, పార్టీ హోల్‌టైమర్‌కు (పూర్తికాలం పార్టీ పనే చేసేవాడికి) నెలకింత అని వేతనమిస్తుంది. తన వాటా ఆస్తి పార్టీకి రాసిచ్చిన పుచ్చలపల్లి సుందరయ్య ఆ సంప్రదాయం మనిషే. ఇందులో దాత ఎవరో తెలుసు, వేతనం ఎంతో లోపలివాళ్లకు తెలుసు. లోపం లేదని కాదు: పార్టీ వేతనం మీదే బతికే సభ్యుడు నాయకత్వానికి ఎదురు చెప్పడం కష్టం.

లెవీ కట్టడంలోనూ పొరపాటు జరిగితే ఖరీదెక్కువ. 2017–18కి కాంగ్రెస్ రిటర్న్ గడువు 2018 డిసెంబరు 31. వేసింది 2019 ఫిబ్రవరి 2న. పైగా 2,000 దాటిన నగదు చందాలు 14.49 లక్షలు బయటపడ్డాయి. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఒక నెల జీతం ఇచ్చిందే ఆ నగదు అని పార్టీ కోశాధికారి వివరణ. 2025 జూలైలో ఆదాయపన్ను అప్పీలు ట్రిబ్యునల్ 199.15 కోట్ల మినహాయింపు కుదరదని తేల్చింది. చెక్కు రాసి ఉంటే ఆ నగదు మాటైనా వచ్చేది కాదు.

మంత్రుల ప్రవర్తనా నియమావళిలో ఒక మంచి వాక్యం ఉంది: మంత్రి తానుగా గానీ కుటుంబం ద్వారా గానీ ఏ ప్రయోజనానికీ చందా తీసుకోకూడదు, పార్టీ కోసమని ఎవరైనా డబ్బు సంచో చెక్కో చేతికిస్తే వీలైనంత త్వరగా పార్టీకి చేర్చాలి. పాతకాలం థైలీలు గుర్తున్నవాళ్లకు ఇది ఎందుకు రాశారో తెలుస్తుంది. అలా పార్టీకి చేరిన థైలీ నెల తిరిగేసరికి జీతం పేరుతో మంత్రి ఇంటికే తిరిగొస్తే ఏం చేయాలో నియమావళి చెప్పలేదు. నా లెక్కలో ఆ ఒక్క వాక్యం చేరిస్తే చాలు: పదవిలో ఉన్నన్నాళ్లు పార్టీ నుంచి జీతం, భత్యం, అద్దె, ఏదీ తీసుకోకూడదు; నిజంగా పార్టీ పని మీద అయిన ఖర్చు బిల్లు పెట్టి తీసుకోవచ్చు.

అదంతా అవసరమా, చందాదారుల పేర్లు బయటపెడుతున్నారు కదా అంటారా? చిన్న లెక్క వేద్దాం. నాయకుడికి నెలకు 3 లక్షలు ఇస్తే ఏడాదికి 36 లక్షలు. ఒక్కొక్కరు 19,000 చొప్పున ఇస్తే 190 మంది చాలు. ఫారం 24ఏలో ఒక్క పేరూ రానక్కర్లేదు. 2,000 చొప్పున నగదైతే 1,800 మంది చాలు, బ్యాంకు జాడ కూడా ఉండదు. ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసింది. ఈ చిన్న కన్నం మాత్రం అలాగే ఉంది.

ఇక చందా కట్టబోయేవాళ్లకు. కొత్త పన్ను విధానంలో 80జీజీసీ పనికిరాదు, పాత విధానంలో ఉంటేనే. నగదుకు మినహాయింపు లేదు. రిటర్న్‌లో తేదీ, మొత్తం, లావాదేవీ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ అడుగుతారు. రసీదు మీద పార్టీ పాన్, రిజిస్ట్రేషన్ వివరాలు ఉన్నాయో లేదో చూసుకోండి. "లక్ష కట్టు, కమిషన్ పట్టుకుని మిగతాది నగదుగా తిరిగిస్తాం" అన్నవాడి జోలికి వెళ్లొద్దు. అది చందా కాదు, దొంగ క్లెయిము. 2025 జూలైలో ఆదాయపన్ను శాఖ దేశమంతా సోదాలు చేసిన వాటిలో ఇవీ ఉన్నాయి. ఆ ఆగస్టులోనే ఎన్నికల సంఘం రిజిస్టరైనా గుర్తింపు లేని 334 పార్టీలను, సెప్టెంబరులో మరో 474ను జాబితా నుంచి తీసేసింది. కట్టే ముందు ఆ పార్టీ పేరు ఇప్పటికీ జాబితాలో ఉందో లేదో చూడండి.

కట్టాలనే నిర్ణయించుకుంటే ముందు కోశాధికారికి ఒక మెయిల్ రాయండి. అధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శులకు పార్టీ నుంచి జీతం, అద్దె, వాహనం ఏమైనా ఇస్తున్నారా? ఇస్తే ఏ తేదీ తీర్మానం ప్రకారం, ఆ సమావేశంలో డబ్బు అందుకునే మనిషి ఓటు వేశాడా? వార్షిక లెక్కల్లో అది ఏ పద్దులో ఉంది? సరైన జవాబు నాలుగు వాక్యాలకు మించదు: అంకె, తేదీ, పద్దు పేరు, టీడీఎస్ ఎంత కోశారు. దానికి బదులు నాయకుడి త్యాగాల మీద రెండు పేజీలొస్తే, మీ లక్ష మీ దగ్గరే ఉంచుకోండి.