గాజు ముక్క మీద కడ్డీలు, నా టెమ్ మోజు

నా శాంపిల్ ఒక మిల్లీమీటరు మందం గాజు ముక్క. దాని మీద జింక్ ఆక్సైడ్ నానోకడ్డీలు, ఒక్కోటి సుమారు 80 నానోమీటర్ల లావు. నేను తేల్చుకోవాల్సింది ఒక్కటే: కడ్డీలు మొలవడానికి ముందుగా గాజు మీద వేసిన సీడ్ పొర (విత్తనం లాంటి పల్చటి పూత) ఎక్కడా తెగకుండా ఉందా, లేదా?

నాకేమో మొదటి నుంచీ టెమ్ మోజు, అంటే ఎలక్ట్రాన్లని శాంపిల్‌లోంచి పంపి బొమ్మ తీసే మైక్రోస్కోప్. పరమాణువుల వరసలు చూపించే యంత్రం ఉండగా, ఎలక్ట్రాన్లతో ఉపరితలాన్ని మాత్రమే చూపించే సెమ్ దేనికి అనుకున్నాను. కానీ టెమ్‌లో ఎలక్ట్రాన్లు శాంపిల్‌లోంచి అవతలికి రావాలి. 100 నానోమీటర్ల లోపు పల్చగా ఉంటేనే బొమ్మ బాగుంటుంది. నా గాజు అంతకు పదివేల రెట్ల మందం. సరే అని కడ్డీల్ని గీకి, ఆల్కహాల్‌లో కలిపి, టెమ్‌లో శాంపిల్ పెట్టే గ్రిడ్ అనే చిన్న జల్లెడ బిళ్ల మీద చుక్క వేశాను. పరమాణువుల వరసలు 0.26 నానోమీటర్ల ఎడంతో గీతల్లా, దువ్వినట్టు వచ్చాయి. ఆ సంతోషం ఒక పూటే. గీకేశాక కింది పొర సంగతి ఎలా తెలుస్తుంది? పంట కోసుకొచ్చి మడి ఎలా ఉందో చెప్పమన్నట్టయింది.

సెమ్‌కి మందంతో పేచీ లేదు, పైపైన స్కాన్ చేసుకుంటూ పోతుంది. పేచీ గాజుతో వచ్చింది. గాజులో కరెంటు పారదు కాబట్టి ఎలక్ట్రాన్ల చార్జ్ పోయే దారి లేక పేరుకుపోయి, బొమ్మ తెల్లబడి పక్కకి జారింది. చార్జ్ పోవడానికి బంగారం కోటింగ్ వేయించాను. ఈసారి కడ్డీల ఒంటి మీద సన్నటి రవ్వలాంటి గరుకు! కొత్త సంగతి దొరికిందని సీనియర్‌ని పిలిస్తే, ఆవిడ బీమ్‌ని పక్కనున్న ఖాళీ గాజు మీదికి జరిపింది. అక్కడా అదే రవ్వ.

"అది కడ్డీ కాదమ్మా, నువ్వు పూయించిన బంగారం."

తర్వాత ఆవిడే కోటింగ్ లేని ముక్క పెట్టించి, వోల్టేజీ 15 నుంచి 1 కిలోవోల్టుకి దించమంది. జింక్ ఆక్సైడ్‌లో 15 దగ్గర ఎలక్ట్రాన్లు మైక్రాన్‌ పైనే దిగిపోతాయి, 1 దగ్గర 10-20 నానోమీటర్లే. చార్జింగ్ దాదాపు పోయింది, కడ్డీల అంచులు తేటపడ్డాయి.

ఇక పొరని అడ్డంగా చూడాలి, అయాన్ బీమ్‌తో (అయాన్ల ధారతో) కోయిద్దామా అన్నాను. "ముందు విరిచి చూడు" అంది. గాజు వెనక డైమండ్ కలంతో గీటు పెట్టి, పుటుక్కున విరిచి, విరిగిన అంచు పైకి వచ్చేలా సెమ్‌లో శాంపిల్ నిలబెట్టే స్టబ్‌కి అంటించాను. గాజుకీ కడ్డీలకీ మధ్య సన్నటి చార, అదే సీడ్ పొర, రెండు చోట్ల తెగి ఉంది. తెగిన చోట కడ్డీలు మొలవలేదు.




ఆ చారలో స్ఫటికాలున్నాయా లేదా అన్నది సెమ్ చెప్పదు. పల్చగా కోసి టెమ్‌లో చూడాలి, అయాన్ బీమ్ స్లాట్ దానికోసం అడిగి పెట్టాను.