కొబ్బరి పిందెలతో నేర్చుకున్న ఆట

సంచికకి ఏదో ఒకటి రాయమని మన బ్యాచ్ గ్రూపులో మూడుసార్లు అడిగారు. చదువు గురించి రాద్దామంటే నా మార్కులు తెలిసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, అందుకని సాఫ్ట్‌బాల్ గురించి, అంటే బేస్‌బాల్ లాంటి ఆట గురించి రాస్తున్నాను. గెలిచిన కప్పుల గురించి రాయాలంటే రెండు లైన్లలో అయిపోతుంది కాబట్టి మేం చేసిన తప్పుల గురించి రాస్తాను, అవైతే కావలసినన్ని ఉన్నాయి.

1999లో నేను తొమ్మిదో తరగతి. 96 నవంబరు తుఫానుకి బడి వెనక కొబ్బరిచెట్లు సగానికి సగం పడిపోయాయి కదా, ఆ మొద్దులు పీకించాక మిగిలిన చోటే మా గ్రౌండు. బ్యాటర్ నిలబడే చోటు హోమ్, అక్కడినుంచి ఫస్ట్, సెకండ్, థర్డ్ బేసులు చుట్టి మళ్లీ హోమ్‌కి చేరితే ఒక రన్. బేసుకీ బేసుకీ మధ్య 60 అడుగులు ఉండాలని పీఈటీ మాస్టారు కొబ్బరితాడుకి ముడి వేసి కొలిచేవారు. ఇసుక నింపిన యూరియా సంచులే బేసులు. తొమ్మిది మందికి ఆరు గ్లవ్స్, అవుట్‌ఫీల్డ్ వాళ్లకి ఉత్త చేతులే. బాల్ చూస్తే క్రికెట్ బంతి కంటే పెద్దది, బరువూ ఎక్కువే, పేరులో తప్ప ఎక్కడా సాఫ్ట్ లేదు. దెబ్బ గట్టిగా తగిలిందంటే తిన్నగా పంటకాలువలో పడేది, గట్టు మీద గేదెలు కాసుకునే పిల్లలు దూకి తీసుకొచ్చేవారు, ఆ తడిసిన తోలు బాల్‌తో ఆ పూటంతా ఆడాలి. ఈ ఆటని 1887లో షికాగోలో బాక్సింగ్ గ్లవ్‌ని ముద్దలా కట్టి, చీపురు కర్రతో కొట్టి మొదలెట్టారని మాస్టారు చెప్పినప్పుడు, మేం కూడా ఇంచుమించు అక్కడే ఉన్నాం అనిపించింది.

డివిజన్ పోటీలకి అమలాపురం వెళ్లాం. పొద్దున్నే బస్సు, దారిలో పొట్టిక్కలు, కడుపులో టెన్షన్. ఆఖరి ఇన్నింగ్స్, అంటే ఏడోది. మేం ఒక్క రన్ వెనక ఉన్నాం. ఒకళ్లు అవుట్. థర్డ్ బేస్ మీద నేను. మా టీములో అమ్మాయి కొట్టిన బాల్ ఆకాశంలోకి లేచింది, అంత ఎత్తు మా గ్రౌండులో ఎప్పుడూ చూడలేదు, ఇంకేముంది అయిపోయిందనుకుని దెబ్బ వినపడగానే నేను హోమ్ వైపు లగెత్తాను. సగం దూరం వెళ్లాక అవతలి పిల్లలు అరవడం మొదలెట్టారు. వెనక్కి తిరిగి చూస్తే సెంటర్‌లో ఉన్న పిల్ల క్యాచ్ పట్టేసి బాల్‌ని థర్డ్‌కి విసిరేసింది. కొట్టినమ్మాయి అవుట్, క్యాచ్ పట్టకముందే బేస్ వదిలేశాను కాబట్టి దాంతోపాటు నేనూ అవుట్, మూడు అవుట్లయ్యాయి, మ్యాచ్ అక్కడితో సరి. బాల్ ఫీల్డర్ చేతికి తగిలేదాకా కాలు బేస్ మీద ఉంచి, తగిలాక పరిగెత్తి ఉంటే ఆ దూరానికి హాయిగా హోమ్ చేరేదాన్ని, స్కోరు సమానమయ్యేది. ఇది నాకు తెలియక కాదు. తెలుసు. ముందు రోజు సాయంత్రం కూడా చెప్పారు.

బస్సులో ఎవరూ నాతో మాట్లాడలేదు. మాస్టారు కూడా ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయం.

మర్నాడు సాయంత్రం గ్రౌండుకి వెళ్లేసరికి ఆయన చెట్ల కింద రాలిన కొబ్బరి పిందెలు ఏరుతున్నారు. పుల్లతో నేల మీద నాలుగు బేసుల డైమండ్ గీసి, ఒక్కో మనిషికి ఒక్కో పిందె పెట్టి, చిన్నదాన్ని నా చేతిలో పెట్టారు. "ఇది నువ్వు. ఎక్కడున్నావో పెట్టమ్మా." పెట్టాను. "బాల్ గాల్లో ఉంది. నువ్వేం చేశావు?" పిందెని హోమ్ వైపు జరిపాను. "ఎందుకు జరిగావు?" అదీ ప్రశ్న. తప్పని ఒప్పుకుంటే ఊరుకునే మనిషి కాదు, ఆ క్షణంలో బుర్రలో ఏముందో చెప్పాలి. చాలాసేపు నసిగి నసిగి, "అందరూ నన్నే చూస్తున్నారనిపించింది మాస్టారూ" అన్నాను. నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన తలూపి, "ఆయ్, అదీ సంగతి. మళ్లీ ఆడు" అని పిందెని వెనక్కి పెట్టించారు. ఆ సాయంత్రం అదే బాల్‌ని పదిసార్లయినా లేపి ఉంటారు, కాసేపు పిందెలతో, తర్వాత నిజంగా సంచి మీద నన్ను నిలబెట్టి.

ఆయన పద్ధతి చిత్రంగా ఉండేది. బాల్ చేతిలోంచి జారిపోతే పల్లెత్తు మాట అనేవారు కాదు, చెయ్యన్నాక జారుతుంది అనేవారు. ఎక్కడికి విసరాలో తెలీక బాల్ పట్టుకుని దిక్కులు చూస్తే మాత్రం పిందెలు బయటికొచ్చేవి. అందుకే ప్రాక్టీసులో బాల్ కొట్టే ముందే అడిగేవారు: ఫస్ట్‌లో రన్నర్ ఉంది, నేల మీద దొర్లుతూ నీకొస్తే ఎక్కడికి? సెకండ్‌కి, మాస్టారూ. గాల్లో వస్తే? జవాబు చెప్పేదాకా బ్యాట్ కదిపేవారు కాదు, మేం మాడిపోతున్నా సరే. ఇప్పుడు నేను చేపల చెరువుల లెక్కలు రాసే ఆఫీసులో పని చేస్తున్నాను, ఏదైనా లెక్క తేడా వస్తే కుర్రాళ్లని అరవకుండా టేబుల్ మీద పెన్నులూ పిన్నులూ పేర్చి "ఎక్కడ మొదలైంది" అంటాను, వాళ్లకి నేనో పిచ్చిదాన్ని.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పదో తరగతిలో ఉండగా ఒక మ్యాచ్‌లో అవతలి బ్యాటర్ మూడో స్ట్రైక్ కూడా మిస్సయింది, మామూలుగా మూడు స్ట్రైకులైతే అవుట్. బ్యాటర్ వెనక కూర్చుని బాల్ పట్టే మా క్యాచర్ చేతిలోంచి బాల్ జారి కింద పడింది. మేమంతా అవుటే కదా అని నిలబడ్డాం, ఆ పిల్ల ఫస్ట్‌కి పరిగెత్తి నిలబడింది, అంపైర్ సేఫ్ అన్నాడు. మాస్టారు లోపలికి వెళ్లి, మూడు స్ట్రైకులయ్యాక అవుట్ కాకపోవడమేంటండీ అని అంపైర్‌తో పెద్ద దెబ్బలాట. మేం ఆయన్ని అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు. కొంచెం గర్వంగా కూడా ఉంది. ఆ పిల్లే తర్వాత రన్ చేసింది, మేం ఓడిపోయాం, ఇంటికొచ్చేదాకా అంపైర్‌ని తిట్టుకున్నాం.

మర్నాడు గ్రౌండులో డైమండ్ గీసి ఉంది. పిందెలు పేర్చి ఉన్నాయి. మాలో ఎవరి వంతో అని ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుంటున్నాం. ఆయన సంచిలోంచి ఒక పెద్ద కురిడీ తీసి డైమండ్ మధ్యలో, అంపైర్ పిందెకి ఎదురుగా పెట్టారు. "ఇది నేను. దెబ్బలాడుతున్నాను." రాత్రి రూల్స్ పుస్తకం చూశారట. మూడో స్ట్రైక్ బాల్‌ని క్యాచర్ పట్టలేకపోతే, ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంటే గానీ, ఇద్దరు అవుటై ఉంటే గానీ బ్యాటర్ పరిగెత్తొచ్చు, బాల్ తనకంటే ముందు ఫస్ట్‌కి చేరితే అవుట్. "అంపైర్‌ది కరెక్టు. నేను మీకు తప్పు నేర్పాను" అని, మాకు పెట్టినట్టే తనకీ ప్రశ్న పెట్టుకున్నారు: ఎందుకు దెబ్బలాడాను? కాసేపు ఆలోచించి, "మీరందరూ నన్నే చూస్తున్నారు కదా" అన్నారు. నవ్వాలో వద్దో మాకు తెలీలేదు. ఆయనే ముందు నవ్వారు.

తర్వాతి మ్యాచ్‌లో మూడో స్ట్రైక్ బాల్‌ని మా క్యాచర్ రెండు చేతులతో శుభ్రంగా పట్టుకుంది. పట్టుకుని కూడా, ఎందుకైనా మంచిదని, ఫస్ట్‌కి విసిరింది.