డ్రైవర్ సీటు కిర్రు: పని ఎంతవరకు వచ్చిందంటే

ఏప్రిల్ చివర, కాలవలకి నీళ్లు కట్టేశాక

పాత హ్యాచ్‌బ్యాక్, చేత్తో జరుపుకునే సీటు. డ్రైవర్ వైపు కూర్చుని కాస్త కదిలితే చాలు, కిర్రుమంటుంది. హైవే మీద ఇంజను రొదలో కలిసిపోతుంది గానీ, కోనసీమలో అంబాజీపేట దాటి పి.గన్నవరం అక్విడక్టు వైపు వెళ్తుంటే గతుకు గతుక్కీ పలుకుతుంది. షెడ్డులో చూపిస్తే "ఆయ్, స్ప్రే కొట్టేత్తే పోద్దండి" అన్నారు. నాకు నచ్చలేదు. తుప్పు వదిలించే పల్చటి స్ప్రే పాత గ్రీజును కూడా కడిగేస్తుంది. నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ మొదలవుతుంది. పైగా అన్నిచోట్లా కొట్టేస్తే శబ్దం ఎక్కడ పుడుతోందో ఇక తేలదు.

కాబట్టి ముందు వెతుకులాట. ఇంజను ఆపి, తలుపులు వేసి, బావమరిదిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. వాడు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే నేను వెనక నుంచి సీటు కింద తల పెట్టి వినడం. "బావా, నడుం పట్టేసింది, ఇంక చాలు" అని వాడి గోల.

శబ్దం ఇనుము వెంట పాకుతుంది. ఒకచోట పుట్టి ఇంకోచోట వినపడుతుంది. అందుకే ఒక్కొక్కటీ తప్పించుకుంటూ రావాలి. హెడ్‌రెస్ట్ పీకేశాం, తేడా లేదు. బెల్టు బకిల్ పక్కనున్న ప్లాస్టిక్‌కి రాసుకుంటోందేమోనని మధ్యలో పాత లుంగీ ముక్క దోపాం, తేడా లేదు. రెగ్జిన్ కవరు ఊడదీస్తే కొంచెం తగ్గింది. సీటును పట్టాల మీద ఒక మెట్టు జరిపినా అదే స్వరం. పట్టాల దోషమైతే మామూలుగా అక్కడ ఎంతోకొంత మారాలి. వీపు ఆన్చకుండా కూర్చోమంటే సగం శబ్దం పోయింది. అంటే జబ్బు రెండు చోట్ల ఉంది: కూర్చునే భాగంలో ఒకటి, వీపు వాల్చే కీలు దగ్గర ఒకటి. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఫ్రేముకి ఆనించి, పిడి చెవి పక్క ఎముకకి ఆనించి విన్నాను. ఎడమ వెనక మూలలో గట్టిగా వినపడింది.

మే నెల

విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి పది నిమిషాలు ఆగాలి. సీటు కింద పసుపు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌దో, గుద్దుకున్నప్పుడు బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌దో అయ్యుంటుంది. అది ఊడి ఉండగా కీ తిప్పితే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, లోపాలు చదివే స్కానర్ పెడితే గానీ ఆరకపోవచ్చు.

బోల్టులు నాలుగు, మా బండికి 14 ఎం.ఎం. సాకెట్ సరిపోయింది. సీటు ముందుకు జరిపితే వెనకవి అందుతాయి, వెనక్కి జరిపితే ముందువి. ఉప్పుగాలికి వెనకవాటి తలలు తుప్పుపట్టి కదల్లేదు. ఆ పల్చటి స్ప్రే నిజంగా పనికొచ్చింది ఇక్కడే. రాత్రి కొట్టి ఉంచితే పొద్దున్నకి వదిలాయి.

సీటు ఎత్తితే కింద ఇసుక, ఊక, కొబ్బరిపీచు, ఎప్పటిదో పూతరేకుల కాగితం. పట్టాల గాడిలో గ్రీజు ఇసుకతో కలిసి నల్లటి ముద్దయింది. అసలు దొంగ మాత్రం ఫోమ్ అడుగున ఉన్నాడు. అక్కడ వంకర్లు తిరిగిన స్ప్రింగు తీగలుంటాయి. వాటి కొక్కేలు ఫ్రేముకి తగులుకునే చోట ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. ఎడమ వెనక కొక్కేనికి అది పూర్తిగా అరిగిపోయి ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. రాసుకున్నచోట తళతళా మెరుస్తున్న గీత.

కొత్త తొడుగు రొయ్యల చెరువుల సామాను అమ్మే కొట్లో దొరికింది. గాలి పంపడానికి వాడే సన్నటి పీవీసీ గొట్టం, జానెడు ముక్క చాలు. నిలువునా చీల్చి కొక్కేనికి తొడిగి, జిప్ టైతో బిగించాను. సైకిల్ ట్యూబు ముక్క కూడా పెట్టొచ్చు గానీ, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. నేను పెట్టింది గొట్టమే అయినా అక్కడ గ్రీజు పూయలేదు. కొక్కెం లాగేటప్పుడు మందపాటి గ్లవ్స్ వేసుకోండి. జారితే వేళ్లు తెగుతాయి.

పట్టాలను పాత టూత్‌బ్రష్‌తో గీకి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చాను. తుప్పున్నచోట గరుకు కాగితం. ఆపైన వైట్ లిథియం గ్రీజు పల్చగా రాసి, సీటును ముందుకీ వెనక్కీ ఆడించి, మిగిలింది తుడిచేశాను. ఎక్కువ పూస్తే మళ్లీ ఇసుక పట్టేస్తుంది. వీపు కీలు దగ్గర సన్నటి గొట్టంతో కొద్దిగా మాత్రమే వదిలాను. ఆ కీలు విప్పకండి, లోపల బిగుతుగా చుట్టిన స్ప్రింగు ఉంటుంది. బెల్టు పట్టీకి జిడ్డు అంటకుండా గుడ్డ కప్పాను.

బిగించేటప్పుడు నాలుగు బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఎదురెదురు మూలలుగా టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచి చూపే రెంచ్) బిగించాలి. ఎంత బిగువో మీ బండి సర్వీసు పుస్తకం చూడండి, చేతి అంచనా వద్దు. గుద్దుకున్నప్పుడు సీటును పట్టి ఉంచేది ఆ బోల్టులే.

జూన్, తొలి వానల తర్వాత

కాలవగట్టు రోడ్డు మీదే పరీక్ష. స్ప్రింగు దగ్గర శబ్దం పూర్తిగా పోయింది. రెగ్జిన్ కవరు మళ్లీ తొడిగితే చెమ్మకి ఫోమ్‌తో రాసుకుని మూలిగింది. మధ్యలో టాల్కం పౌడర్ చల్లితే తగ్గింది, ఎన్నాళ్లుంటుందో చూడాలి. వీపు కీలు మాత్రం గట్టిగా వాలినప్పుడు ఇంకా టిక్కుమంటోంది. గ్రీజుకి లొంగకపోతే బుష్ (కీలు లోపలి తొడుగు) అరిగినట్టే. రాజమండ్రిలో పాత బండ్ల సామాను అమ్మేవాళ్ల దగ్గర ఇదే మోడల్ సీటు ఫ్రేము కోసం అడగాలి.